సామేలు కొసరు మూత

కొడిమ్యాల చుట్టుపక్కల ఊళ్లలో సామేలు వస్తున్నాడని తెలియడానికి కళ్లతో పనిలేదు, ముక్కుంటే చాలు. మనిషి ఇంకా మలుపు తిరగకముందే వాసన వచ్చి ముందర నిలబడుతుంది. పత్తి మందు, వరి మందు, పెట్రోలు, చెమట, అన్నీ కలిసిన వాసన అది. పెళ్లయిన కొత్తలోనే భార్య రాజక్క ఇంటి వెనక అతనికి వేరే సబ్బు, వేరే తువ్వాలు పెట్టేసింది. ఒళ్లు కడుక్కోకుండా గడప తొక్కితే అన్నం లేదని తేల్చి చెప్పింది. సామేలు కిక్కురుమనకుండా ఒప్పుకున్నాడు, ఎందుకంటే రాజక్క అన్నంత పనీ చేసే మనిషి.

చేలకు, తోటలకు మందు కొట్టడం అతని బతుకుదెరువు. సొంత భూమి బెత్తెడు లేదు. ఉన్నదల్లా ఒక పెట్రోలు పంపు, పొడుగాటి పైపు, ఒక నీలం డ్రమ్ము, వీటన్నిటినీ మోసే పాత మోపెడ్డు. కూలి పనే అయినా ఆ పనిలో అతనికి పొగరుంది. ఆకు పైన పడే మందు చూసేవాళ్ల కోసం, ఆకు కింద పడే మందు రైతు కోసం అనేవాడు. తువ్వాలు అంచు ఎత్తి గాలి ఎటుందో చూసుకుని, గాలికి వీపు పెట్టి, కింది కొమ్మ నుంచి పైకి లేచేవాడు. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మాత్రం బిడ్డ ప్రవళిక జగిత్యాలలో వ్యవసాయ డిప్లొమాలో చేరి, వచ్చినప్పుడల్లా పోరు పెట్టాకే మొదలైంది.

ఊళ్లో అతన్ని కొసరు సామేలు అంటారు. కూరగాయలమ్మే ఆమె తూకం అయ్యాక నాలుగు పచ్చిమిరపకాయలు పైన వేస్తుంది కదా, సామేలు ఒక మూతెడు మందు వేసేవాడు. పత్తి చేలల్లో పని అయ్యాక సీసా అడుగున మిగిలినదాన్ని రైతులు "తీస్కపో సామేలూ" అనేవాళ్లు. అవన్నీ ఇంటి వెనక తాళం వేసిన ఇనప పెట్టెలో దాచేవాడు. తనకు నచ్చిన రైతు డ్రమ్ములో, రైతు తెచ్చిన మందుకు తోడు, ఆ సీసాల్లోంచి ఒక మూత వంచి, "కొసరేసిన" అని చెప్పేవాడు. వాసన గుప్పుమనేది. రైతు మొహం విప్పారేది. మన దగ్గర మందుకు పరీక్ష పెట్టేది ముక్కే. కళ్లు మండితే అసలు మందు, మండకపోతే నకిలీ. పురుగు చచ్చిందా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి.

ఈ కొసరు పిచ్చి అతనికి తండ్రి దావీదు నుంచి వచ్చింది. పాత రోజుల్లో కల్లం దగ్గర కూలి గింజలు కొలిచేటప్పుడు అందరికీ కుంచం మీద ఒక పిడికెడు కొసరు పడేది. దావీదు వంతు వచ్చేసరికి కొలిచేవాడి చెయ్యి కుంచం అంచు మీద గీత గీసినట్టు నడిచేది. పైన ఒక్క గింజ నిలిచేది కాదు. "పిడికెడు పైన పొయ్యి పటేలా" అంటే, "మీకు గదే ఎక్కువ" అనే జవాబు. దావీదు గింజల కోసం బాధపడలేదు, ఆ చెయ్యి తన దగ్గరే ముడుచుకుపోవడానికి బాధపడ్డాడు. "ఎప్పుడన్న మన చెయ్యి పైన ఉంటే కొసరు మర్వకు కొడుకా" అని చెప్పి పోయాడు. సామేలు మరువలేదు.

అతనికి అందరికన్నా నచ్చిన రైతు ముత్తవ్వ. ఆమె భర్త వెంకటేశం కల్లు గీయడానికి తాళ్లెక్కే గౌడు. మోకాళ్లు మొరాయించాక చెట్టెక్కే మోకు పక్కన పడేసి, ఇక నేల మీద నిలబడి అందుకునే చెట్లనే పెంచుతానని చెలకలో బత్తాయి పెట్టాడు. కాపు మొదలై కొన్ని పంటలు చేతికొచ్చాక జ్వరంతో పోయాడు. ముత్తవ్వ పొద్దున లేచి తోటకు పోయి, చెట్లతో ఇంటి ముచ్చట్లన్నీ చెప్పుకునేది. కోడలి మీద చాడీలు కూడా వాటికే చెప్పేది.

ఆ తోటకు మంగు పట్టింది. మంగు అంటే ఏం లేదు, కంటికి ఆనని నల్లి కాయ తొక్క మీద చేరి రసం పీలుస్తుంది. పసుపుకు తిరగాల్సిన కాయ తుప్పు రంగుకు తిరిగి, ఆపైన మాడిన అట్టులా నల్లబడుతుంది. లోపలి తీపి ఎక్కడికీ పోదు. కానీ బజారులో కాయను నోటితో కొనరు, కళ్లతో కొంటారు. నిరుడు కోరుట్ల నుంచి వచ్చిన బేరగాడు తోట చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, చాయ్ తాగి, బేరం మాట ఎత్తకుండానే బండెక్కాడు. ముత్తవ్వ ఆ రోజు చెట్లతో కూడా మాట్లాడలేదు.

కొడుకు దేవేందర్ సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో మేస్త్రీ. చెడ్డవాడు కాదు, లెక్క తెలిసినవాడు. ఆదివారం వచ్చి తల్లి పక్కన కూర్చుని నెమ్మదిగానే చెప్పాడు.

"అవ్వా, ఇంకొక్క పంట సూద్దాం. ఈసారి గూడ మంగు వడి బేరగాడు వాపస్ పోతే, దసరా ఎల్లంగనే జేసీబీ తెస్త. చెట్లు పీకి ఆయిల్ పామ్ పెడుదాం. నువ్వెన్నేండ్లు గీ గోస పడుతవ్?"

ముత్తవ్వ సరేనంది. కొడుకు అన్నదాంట్లో తప్పు దొరక్క సరేనంది. మర్నాడే సామేలుకు కబురు పెట్టింది.

"సామేలూ, మీ వెంకటేశమన్న పెట్టిన చెట్లు. నీ చేతుల వెడుతున్న. ఎట్ల కాపాడుతవో నువ్వే సూడు."

ఆ మాటకు సామేలు కరిగి నీరయ్యాడు. ఇంత నమ్మిన మనిషికి ఒక మూత కొసరేంటని రెండు మూతలు వేశాడు. వానలు మొదలై కాయలు నిమ్మకాయంత అయ్యేసరికి, దుకాణంలో ఇచ్చిన నల్లి మందుకు తోడు తన పెట్టెలోని పత్తి మందును వారం తిరిగినప్పుడల్లా కొట్టాడు. తోట నుంచి రోడ్డు దాకా వాసనే. పక్క చెలకలో మేకలు మేపే బుచ్చవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "అబ్బ, ఏం మందు కొట్టిండే ముత్తవ్వా, పాములు గూడ ఊరిడిచి పోతయి" అంది. ముత్తవ్వ పొంగిపోయింది.

ఒక్క చెట్టు దగ్గర మాత్రం సామేలు దొంగ పని చేశాడు. బోరు పక్కనున్న గుబురు చెట్టులో కందిరీగలు తుట్టె కట్టాయి. సామేలుకు చిన్నప్పుడు కందిరీగలు కుట్టి మొహం గుమ్మడికాయంత అయి, సొంత తల్లే గుర్తుపట్టలేదు. పులి ఎదురొస్తే నిలబడతానని అనేవాడు గానీ, చెవి దగ్గర జుమ్మంటే చాలు, మందు కొట్టే గన్ను అక్కడే పారేసి ఉరికేవాడు. అందుకని ఆ చెట్టు రాగానే ఆకాశానికి గన్ను ఎత్తి, వానలాగా రెండు జల్లులు కొట్టి, పని చేస్తున్నట్టే దాటిపోయేవాడు. ముత్తవ్వ అటు చూసేసరికి పక్క చెట్టు కింద ఉండేవాడు. కూలి మాత్రం తోటంతటికీ పుచ్చుకున్నాడు.

మంగు తగ్గలేదు. తగ్గకపోగా కొట్టినకొద్దీ పెరిగింది. రోడ్డు పక్క వరుసల్లో టిప్పర్లు లేపిన దుమ్ము ఆకుల మీద బూడిదలా పేరుకుంది, అక్కడైతే కాయకాయకూ మచ్చ మొదలైంది. సామేలుకు రాత్రి అన్నం సయించడం మానేసింది. ఎంత ప్రేమగా కొడితే అంత పాడవుతోంది. చేతి వాసి పోయిందేమోనని భయం పట్టుకుంది. మందు చాలలేదేమోనని మూడో మూత వేశాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత ఊరికే పుట్టలేదు.

ఒకరోజు పొద్దున్నే ముత్తవ్వ అతన్ని చెయ్యి పట్టుకుని లాక్కుపోయినట్టు బోరు దగ్గరికి తీసుకుపోయింది. దూరం నుంచే కందిరీగల చెట్టును చూపించింది. కాయలు ఆకుపచ్చగా, నున్నగా, నూనె రాసినట్టున్నాయి. ఒక్కదాని మీద మచ్చ లేదు.

"సూసినవా? గీ చెట్టుకు ఏం జేసినవో ఏమో, ముత్యాల లెక్కున్నయి. దీనికి కొట్టినట్టే అన్నిటికి కొట్టు సామేలూ. గదే చెయ్యి, గదే మందు. నా తోట నిలుస్తది."

సామేలు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. అవునన్నాడో కాదన్నాడో అతనికే తెలియదు. ఆ రోజు పంపు చెడిపోయిందని అబద్ధం చెప్పి ఇంటికి పోయాడు. సంచి సర్దుకోవడం ఎరగని మనిషి, సాయంత్రం దాకా పంపు విప్పి, తుడిచి, మళ్లీ బిగించి, మళ్లీ విప్పాడు. రాజక్క చూసి, "పంపు ఖరాబైందా, నువ్వు ఖరాబైనవా?" అని అడిగింది.

ఆదివారం ప్రవళిక జగిత్యాల బస్సు దిగి వచ్చింది. ప్రార్థన అయ్యాక తండ్రి మొహం చూసి సంగతేమిటని అడిగితే, ముత్తవ్వకు చెప్పలేనిది బిడ్డకు చెప్పేశాడు. ఆ పిల్ల నవ్వలేదు, తిట్టలేదు. కాలేజీ సంచిలోంచి గుండ్రటి భూతద్దం తీసి, పోదాం పద బాపూ అంది. ముత్తవ్వ ఆ పూట చుట్టాలింటికి పోయింది. తోటలో తండ్రీబిడ్డలే.

ముందు మందు బాగా కొట్టిన చెట్టు ఆకు తెంపి, తిరగేసి, భూతద్దం పెట్టి చూపించింది. ఆకు నిండా చిన్నచిన్న నల్లులు. బద్ధకంగా, ఒకచోట పడి మేస్తున్నాయి. తర్వాత కందిరీగల చెట్టు దగ్గరికి తానే పోయి, అంచు కొమ్మ నుంచి మెల్లగా ఒక ఆకు తెంపుకొచ్చింది. సామేలు రోడ్డు దగ్గరే నిలబడి, ఆమె తెచ్చిన ఆకును భూతద్దంలో చూశాడు. ఆ ఆకు మీద నల్లులు ఒకటీ అరా ఉన్నాయి గానీ, వాటి మధ్య ఇంకేదో తెల్లటి చుక్క అటూ ఇటూ ఉరుకుతోంది. ఒక మేసే నల్లి దగ్గర ఆగింది. ఆగి దాన్ని పట్టింది.

"గిది గూడ నల్లే బాపూ. కని కాయను ముట్టది, నల్లినే తింటది. యాదిపెట్టుకో, నిదానంగ మేసేది దొంగ, ఉరికేది కావలోడు."

"మరి మిగిలిన చెట్ల మీద గీ కావలోళ్లు ఏరి?"

ప్రవళిక చేతిలోని ఆకును అటూ ఇటూ తిప్పింది. తండ్రిని నొప్పించకుండా ఎలా చెప్పాలా అని చూస్తోందని అతనికి అర్థమైంది.

"నల్లి మందుకు సగం నల్లులు తప్పించుకుంటయి. పత్తి మందుకు కావలోళ్లు ఒక్కళ్లు గూడ మిగలరు. కావలి లేని ఇంట్ల దొంగలు పెరుగుతరు గదా. నీ మూతలే బాపూ."

సామేలు గట్టు మీద కూర్చున్నాడు. తండ్రి గుర్తొచ్చాడు. ఇన్నాళ్లూ ఎందరి డ్రమ్ముల్లో ఎన్ని మూతలు వంచాడు! ఇచ్చే చెయ్యి అయ్యాననుకుని ఇచ్చింది ఇదా అని ఏడుపొచ్చింది. బిడ్డ ముందు ఏడవలేక తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ముత్తవ్వకు నేను చెప్పనా?" అని ప్రవళిక అడిగింది.

"వద్దు బిడ్డా. నేను జేసింది నేనే చెప్త. నువ్వు పక్కన నిలవడు, సాలు."

ముత్తవ్వ సాయంత్రం ఎండ ఉండగానే వచ్చింది. సామేలు ఆమె కాళ్లకేసి చూస్తూ మొదలుపెట్టాడు.

"అవ్వా, గా బోరు కాడి చెట్టుకు నేను సుక్క మందు కొట్టలే."

"ఏంది?"

"కందిరీగలు. బయమైంది. మందు మీదికి కొట్టి నీ ముందట నాటకం జేసిన. మిగిలిన చెట్లకు నా కొసరేసిన, పత్తి మందు. నల్లిని తినే పురుగులన్ని దానికే సచ్చినయి. మంగు వెంచింది నేనే."

ముత్తవ్వ ఆ మాటలను నెమ్మదిగా నమిలింది.

"అంటే నువ్వు పానం వెట్టి కొట్టిన చెట్లు పాడైనయి. నన్ను మోసం జేసిన చెట్టు మంచిగున్నది."

"గంతే అవ్వా."

ఆమె వెనుదిరిగి చెట్ల మధ్యకు పోయింది. తిడితే బాగుండునని సామేలుకు అనిపించింది. తిరిగి వచ్చేసరికి ఆమె చేతిలో వెంకటేశం కల్లు గీసిన గీత కత్తి ఉంది. బోరు గదిలో చూరులో దోపి ఉండే కత్తి అది. సామేలు రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఎటు వోతున్నవ్ రా? నిన్ను గాదు కోసేది. బిడ్డా ప్రవళికా, గా ఉరికే పురుగులను మిగిలిన చెట్లకు ఎట్ల తోలుకపోవాలె, చెప్పు."

చెప్పడం తేలిక, చేయడమే పని. కందిరీగల చెట్టు నుంచి ఆకులున్న చిన్న రెమ్మలు కోసి, ఒక్కో చెట్టు పంగలో ఒకటి కట్టాలి. రెమ్మ వాడిపోతుంటే దాని మీది కావలివాళ్లు దిగి కొత్త చెట్టెక్కుతారు. కందిరీగలు మత్తుగా ఉండే తెల్లవారు వేళల్లో ముత్తవ్వ పోయి, తుట్టె కదలకుండా గీత కత్తితో రెమ్మలు కోసింది. కల్లు కుండ దగ్గర మూగే ఈగల మధ్య కాపురం చేసిన మనిషికి కందిరీగలు లెక్కా! రోడ్డు దగ్గర నిలబడ్డ సామేలుకు రెమ్మలు తెచ్చి ఇస్తూ, "తీస్కో, కుట్టయి, ఆకులే" అనేది. అతను తాటాకు చీలికలతో వాటిని చెట్లకు కట్టేవాడు.

రోడ్డు పక్క వరుసలకు ప్రవళిక చెప్పినట్టు నీళ్లలో కరిగే గంధకం ఒక్కసారి కొట్టాడు. ఎండలో కొడితే ఆకు మాడుతుందని చల్లబడ్డాక కొట్టాడు. కొసరు వెయ్యలేదు. పొడిని తూచినట్టు తూచి, పైన రవ్వంత కూడా వెయ్యకుండా, కుంచం అంచు గీసినట్టు గీశాడు. అప్పుడు మాత్రం అతనికి తండ్రికి గింజలు కొలిచిన చెయ్యి గుర్తొచ్చింది. ఆ తర్వాత దుమ్ము పేరుకున్నప్పుడల్లా ఉత్త నీళ్లతో ఆకుల కింద, పైన కడిగాడు. దుమ్ములో ఆ ఉరికే పురుగులు నడవలేవట.

నీళ్లకు వాసన ఉండదు. అదే అతని చావుకొచ్చింది. బుచ్చవ్వ మేకలతో ఆగి, "ఏం సామేలూ, ఉత్త నీళ్లు కొడుతున్నవా? మా బర్రెకు గింత కొట్టరాదు, తానమన్న అయితది" అంది. ఊళ్లో నీళ్ల సామేలు అన్నారు. ఇంకో రైతు పత్తికి పిలవబోయి మానుకున్నాడు. దేవేందర్ సిరిసిల్ల నుంచి వచ్చి, గాలి పీల్చి చూసి, "మందు వాసనే రాదేందే అవ్వా?" అని అడిగాడు. "నీకు ముక్కు వడిశెం వట్టింది" అని ముత్తవ్వ కొడుకు నోరు మూయించింది గానీ, తల్లీకొడుకులకు ఇద్దరికీ మనసులో జేసీబీయే తిరుగుతోంది.

మచ్చ పడిన కాయ మళ్లీ బాగుపడదు. కొత్త మచ్చలు పడకుండా ఆగితేనే గెలుపు. సామేలు భూతద్దం అడిగి దగ్గర పెట్టుకుని, రోజూ తోటకు పోయి ఆకులు తిరగేశాడు. మొదట మేసేవే కనిపించాయి. కొన్నాళ్లకు బోరుకు దూరంగా ఉన్న ఒక చెట్టు మీద తెల్లటి చుక్క ఒకటి ఉరికింది. సామేలు కేక పెట్టి ముత్తవ్వను పిలిచాడు. ఆమె ఒక కన్ను మూసి, భూతద్దంలోకి వంగి చూసి, "ఉరుకు తల్లీ, ఉరుకు" అంది. ఆ ఇద్దరి సంతోషం చూడాలి, పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చినవాళ్లలా ఉన్నారు.

దసరా ముందు కోరుట్ల బేరగాడు వచ్చాడు. పనిగట్టుకుని దేవేందర్ కూడా వచ్చాడు. సామేలు పంపు పట్టుకుని ఏ పనీ లేకుండా చెట్టు చాటున నిలబడ్డాడు. బేరగాడు రోడ్డు వరుసల్లో మచ్చ కాయలు చూసి నోరు చప్పరించాడు. ముత్తవ్వ కొంగు వేలికి చుట్టుకుంది. అతను లోపలి వరుసల్లోకి పోయాడు. ఒక కొమ్మ ఎత్తాడు, ఇంకోటి ఎత్తాడు. లేత పసుపు కాయలు, నున్నటి తొక్క. ఒకటి తెంపి, ఒలిచి, తొన నోట్లో వేసుకుని గింజ ఉమ్మేశాడు.

"రోడ్డు మీదియి జ్యూసుకు తీస్కుంట. లోపలియి మంచి మాల్. ఎల్లుండి లారీ వంపుత. ఏం మందు కొట్టిచ్చినవ్ అవ్వా?"

"మా సామేలుకే ఎరుక" అంది ముత్తవ్వ.

దేవేందర్ కాసేపు చెట్లకేసి చూసి, ఫోను తీసి, "అన్నా, జేసీబీ అద్దులే" అన్నాడు. ముత్తవ్వ కొంగు విడిచిపెట్టి, పక్కనున్న చెట్టు మానును ఒకసారి తట్టింది.

లారీ పోయాక సామేలు కూలి తీసుకున్నాడు. బోరు దగ్గరి చెట్టుకు మందు కొట్టనందుకు కోసుకోమన్నాడు. ముత్తవ్వ కోయలేదు. అతను మోపెడ్డు స్టార్టు చేయబోతుంటే ఆపి, అతని భుజం మీది ఖాళీ సంచి లాగి, చేతిలో పెట్టింది. కందిరీగల చెట్టు కాయలను లారీకి తెంపనివ్వలేదామె. ఆ చెట్టు నిండా పచ్చటి దీపాల్లా అట్లానే ఉన్నాయి.

"ఇగో, కూలి కూలికే. గీ చెట్టు కాయలన్ని నీకు కొసరు."

భూమి ఉన్నవాళ్ల నోటి నుంచి ఆ మాట వినడానికి దావీదు జన్మంతా కల్లం దగ్గర నిలబడ్డాడు. వినకుండానే పోయాడు. సామేలు కళ్లు నిండి, చెట్టు మసకగా కనిపించింది.

"దండం అవ్వా" అన్నాడు.

"దండం తర్వాత. తెంపుకో."

సామేలు చెట్టును చూశాడు. తుట్టె మీద కందిరీగలు పొద్దుటి ఎండలో జుమ్మంటున్నాయి. ముత్తవ్వ గట్టు మీద చతికిలబడి, కాళ్లు చాపుకుని, సినిమా చూసేందుకు కూర్చున్నట్టు కూర్చుంది. సాయం పట్టే ఉద్దేశమే లేదు. సామేలు తువ్వాలును తలకూ మొహానికీ చుట్టాడు, చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నాడు, ఒక అడుగు ముందుకేసి, ఆగి, మళ్లీ వేశాడు.

మధ్యాహ్నం మోపెడ్డు ఇంటి ముందు ఆగింది. రాజక్క బయటికి వచ్చి చూస్తే, మొగుడి ఒక చెవి పూరీలా ఉబ్బి ఉంది. సంచి నిండా బత్తాయిలు. ఒంటి మీద మందు వాసన లేదు, బత్తాయి తొక్క వాసన వస్తోంది.

"ఏందయ్య గిది?" అందామె చెవినీ సంచినీ కలిపి చూస్తూ.

"కొసరు" అన్నాడు సామేలు, నవ్వితే చెవి సలిపినా నవ్వుతూ. ఆ రోజు రాజక్క అతన్ని స్నానం మాట అడగకుండానే లోపలికి రానిచ్చింది.